శిరోవేదనల నిదాన చికిత్సలు : కావేరిపాక్కము మొదలు గుడియాత్తము వఱకు ఒక చారిత్రక పరిశీలనము

మదరాసునుండి బెంగుళూరునకు పోవు పెద్దబాటపై, వాలాజాపేటకు తూర్పుగా, కావేరిపాక్కమను ఊరు కలదు. పల్లవరాజుల కాలమునాటి విశాలమైన చెఱువువలనను, 1752లో క్లైవు సేనకును ఫ్రెంచివారి సాయముగల రాజాసాహెబు సేనకును జరిగిన యుద్ధమువలనను ఆ యూరి పేరు చరిత్ర గ్రంథముల కెక్కినది. అచ్చటినుండి బాట వాలాజా, రాణిపేటల మీదుగా మన పెద్దలు రాయవేలూరని పిలుచుచు వచ్చిన వేలూరికి చేరును. ఇంకను పడమరకు పోయినచో కౌండిన్యనది యొడ్డున, నేతపనికి పేరుగన్న గుడియాత్తము కానవచ్చును. ఈ సీమయంతయు పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా వేఱుపడువఱకు చిత్తూరే దీనికి ముఖ్యపట్టణము. 2019లో వేలూరు జిల్లాను మరల విభజింపగా కావేరిపాక్కము రాణిపేట జిల్లాలో చేరినది. గుడియాత్తము వేలూరు జిల్లాలోనే నిలిచినది. జిల్లాల యెల్లలు మాఱినను తెలుగు మాటాడు కుటుంబము లీ బాట పొడవునను నేటికిని కలవు.

ఈ బాటపై జరిగిన యుద్ధములను గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు. ఇదే బాటపై రోగముతో జరిగిన యుద్ధమును గూర్చి వ్రాసినవారు తక్కువ. ఆ యుద్ధమున ఒక చిన్న ఘట్టమును మాత్రమే ఈ వ్యాసమునకు విషయముగా గ్రహించితిని. అది తలనొప్పి. తలనొప్పి ఎఱుగని మనుష్యుడు లేడు. అందుచేతనే దానిని లెక్కచేయువారును తక్కువ. కాని నూఱు తలనొప్పులలో తొంబదికి పైగా ప్రాణభయము లేనివైనను, మిగిలిన కొలదిలో మృత్యువు దాగియుండును. ఏది యేదో పోల్చుకొనుటయే వైద్యుని పని. ఆ పనిలో రోగి చెప్పు మాటకు మించిన పరికరము నేటికిని లేదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

నొప్పికి మన మాటలు

జ్వరమును చేతితో తాకి చూడవచ్చును. పుండు కంటికి కనబడును. తలనొప్పికి బాహ్యచిహ్నము లేదు. రోగి నోటినుండి వచ్చిన మాటనుబట్టియే వైద్యుడు దానిని గుర్తింపవలయును. ఈ విషయమున మన భాష పేదది కాదు. తలనొప్పి వేఱు, తలపోటు వేఱు, తలబరువు వేఱు, తలదిమ్ము వేఱు. పోటు అనగా నాడి కొట్టుకొనునట్లు ఆగి ఆగి వచ్చునది. పట్టివేసినట్లుండుట, బిగదీసినట్లుండుట, సూదులతో పొడిచినట్లుండుట, సలుపుట, గుంజుట అనునవి ఒక్కొక్కటి ఒక్కొక్క బాధను తెలుపును. ఒక ప్రక్కనే వచ్చుదానిని పార్శ్వపు నొప్పి యనియు, ఒంటితలనొప్పి యనియు మనవారందురు. ఇరుగుపొరుగు తమిళులు దీనినే ‘ఒఱ్ఱైత్తలైవలి’ అందురు. రెండు భాషలును ఒక్క లక్షణమునే పట్టుకొనినవి.

ఈ మాటలను అలంకారములుగా భావింపరాదు. “పోటు” అను రోగి చెప్పినది ఒక రోగమునకును, “గుడ్డతో బిగించి కట్టినట్లున్న”దని చెప్పినది మఱియొక రోగమునకును దారిచూపును. ఇట్టి మాటలను మఱచి అన్నిటికిని తలనొప్పి యను ఒక్క పేరే పెట్టినచో వైద్యుని చేతిదీపము నార్పినట్లే యగును.

ప్రాచీనుల విభజనము

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున ఇరువదియైదవ అధ్యాయము శిరోరోగములకు కేటాయింపబడినది. అందు పదునొకండు భేదములు చెప్పబడినవి. వాతజము, పిత్తజము, కఫజము, సన్నిపాతజము, రక్తజము, క్షయజము, క్రిమిజము, సూర్యావర్తము, అనంతవాతము, అర్ధావభేదకము, శంఖకము అనునవి ఆ పదునొకండు. చరకుడు సూత్రస్థానమున అయిదింటిని చెప్పి, సిద్ధిస్థానమున సూర్యావర్తాదులను వేఱుగా వర్ణించెను. మాధవనిదానము సుశ్రుతుని పదునొకంటినే గ్రహించినది. తెలుగునాట బసవరాజు సంస్కృతాంధ్రములు కలిపి కూర్చిన బసవరాజీయమును, ఇంద్రకంటి వల్లభాచార్యుని వైద్యచింతామణియు వైద్యుల యిండ్లలో తరతరములుగా పఠింపబడుచు వచ్చినవి. చదువుకొన్న మన వైద్యులకు ఈ సంప్రదాయమే ఆధారము.

ఈ భేదములలో నాలుగింటిని నేటి వైద్యశాస్త్రముతో పోల్చిచూచుట ఉచితము.

మొదటిది అర్ధావభేదకము. తలలో సగభాగమును చీల్చునట్టి నొప్పి, పొడుపు, తలత్రిప్పు, పక్షమునకో పదిదినములకో లేక అకస్మాత్తుగనో తిరిగివచ్చుట దీని లక్షణములుగా సుశ్రుతుడు చెప్పెను. గ్రీకు వైద్యుడైన గాలెను ఇట్టి నొప్పికే ‘హెమిక్రేనియా’ అనగా ‘సగము పుఱ్ఱె’ అని పేరిడెను. ఆ మాటయే అరిగి అరిగి ఫ్రెంచిభాషలో ‘మైగ్రేను’ అయినది. రెండు దేశముల వైద్యులును రోగిమాటనే విని, ఒకే అర్థముగల పేర్లను పెట్టిరి. రోగము విడిచి విడిచి వచ్చునని కాలమునుగూడ గుర్తించుట సుశ్రుతుని వర్ణనలోని విశేషము.

రెండవది సూర్యావర్తము. సూర్యోదయమున కంటియందును కనుబొమయందును మొదలై, ప్రొద్దెక్కినకొలది పెరిగి, ప్రొద్దు వాలినపుడు శమించు నొప్పి యిది. ముక్కునకు చేరువగా కనుబొమల వెనుకనున్న ఎముక గుల్లలలో వాపు కలిగినపుడు వచ్చు నొప్పి యిట్లే నడచుటను నేటి వైద్యులును చెప్పుదురు.

మూడవది క్రిమిజము. లోపల ఏదో తొలుచుచు తినుచున్నట్లుండుట, ముక్కునుండి నీరు, నెత్తురు, చీము కాఱుట దీని గుర్తులు. పురుగును నాసికనుండి బయటికి రప్పించుట దీనికి చికిత్స. ముక్కులో ఈగ గ్రుడ్లుపెట్టగా పుట్టిన పురుగుల బాధకు ఈ వర్ణన సరిపోవును. మెదడులో చేరు క్రిమిని గూర్చి తరువాత చెప్పబోవు విషయముతో దీనిని కలిపి, మన పూర్వులకు అదియు తెలియునని వాదించుట సరికాదు. పూర్వులు చూచినదానిని నిజాయితీగా వ్రాసిరి. చూడనిదానిని వారికి అంటగట్టుట వారికి గౌరవము కానేరదు.

నాలుగవది శంఖకము. కణతలయందు దారుణమైన నొప్పి, దాహము, వాపు కలిగి మూడు రాత్రులలో ప్రాణము తీయునదిగా ఇది వర్ణింపబడినది. దీనికి చికిత్స చేయు వైద్యుడు ముందుగా బంధువులకు ప్రాణాపాయమును తెలిపియే చేయవలయునని విధించిరి. శంఖకము నేటి యే రోగమో నిర్ణయింపజాలము. ఐనను చంపు తలనొప్పి యొకటి కలదనియు, దానిని తక్కినవానితో కలుపరాదనియు గుర్తించుటయే గొప్ప వివేకము. వైద్యశాస్త్రము నేటికిని ఈ విభజనముతోనే ఆరంభమగుచున్నది.

ఇంటివైద్యమును అమృతాంజనమును

శాస్త్రమెఱిగిన వైద్యుడు లేని పల్లెలలో ఇంటివైద్యమే దిక్కు. శొంఠిని నీటితో అరగదీసి నుదుట పట్టువేయుట, వావిలాకు వేసి కాచిన నీటి ఆవిరి పట్టుట, తుమ్మి ఆకు పసరు వాడుట తెలుగుల యిండ్లలోను తమిళుల యిండ్లలోను సమానమే. శొంఠి వారికి సుక్కు, వావిలి నొచ్చి, తుమ్మి తుంబై. ఒకే చెట్టు రెండు పేర్లతో రెండు పెరళ్ళలో పెరిగినది. వీనిలో ఆవిరివలన ముక్కుదిబ్బడకు కొంత సుఖము కలుగును. శొంఠిపట్టు చర్మమును మండించి మనస్సును నొప్పినుండి మరలించును. ఆకుపసరులను ముక్కులో పిండుట మాత్రము నేడు చేయదగిన పని కాదు.

ఇంటివైద్యమునకును అంగడిమందునకును నడుమ వంతెన వేసినవా డొక తెలుగువాడు. కృష్ణాజిల్లా ఎలకుఱ్ఱులో 1867లో జన్మించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచి ప్రచారము చేసిరని ప్రసిద్ధి. ఆ పచ్చని లేపనమువలన వచ్చిన ధనముతో 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా బొంబాయిలో వెలువడినది. 1914లో మదరాసున దినపత్రిక యయినది. 1924లో భారతి మాసపత్రిక పుట్టినది. తెలుగుజాతి తలనొప్పినుండి తెలుగుజాతి పత్రికారంగము కొంత పోషింపబడినదని చెప్పుట అతిశయోక్తి కానేరదు. ఇట్టి లేపనములలోని కర్పూరము, పుదీనాపువ్వు చర్మమునకు చల్లదనమును కలిగించి నొప్పిని మఱపించును. నుదుట పూసిన పుదీనాతైలము బిగదీసినట్లుండు సామాన్యపు తలనొప్పిని తగ్గించునని జర్మనీలో 1996లో ప్రకటింపబడిన పరిశోధన నిరూపించినది. పసిపిల్లల ముఖమునకు మాత్రము కర్పూరముగల లేపనములను పూయరాదు.

బాటప్రక్క వైద్యము

ఇక నూతన వైద్యము ఈ సీమకు వచ్చిన విధమును చూతము. రాణిపేటలో 1866లో సైలసు స్కడ్డరు వైద్యశాలను నెలకొల్పెను. ఆ వంశమునందే రాణిపేటలో 1870లో జన్మించిన ఐడా స్కడ్డరు అమెరికాలో వైద్యవిద్య ముగించి, 1900లో వేలూరునకు తిరిగివచ్చి, ఒక్క పడకతో వైద్యము మొదలిడెను. 1902లో మేరీ టేబరు షెల్ ఆసుపత్రి తెఱవబడినది. నేడది కంటి ఆసుపత్రి. 1918లో స్త్రీల వైద్యపాఠశాల ఆరంభమయినది. 1947నుండి పురుషులకును ప్రవేశము లభించినది.

ఐడా స్కడ్డరు వారమునకొకసారి గుడియాత్తమునకు పోయి అచ్చట రోగులను చూచుచుండెను. దారిలో చెట్లక్రింద గుమిగూడిన జనులకు ఆగి ఆగి మందిచ్చుటవలన బాటప్రక్క వైద్యమను పద్ధతి యేర్పడినది. గుడియాత్తపు బాటపై పుట్టిన ఈ పద్ధతియే తరువాత ఇతర దిక్కులకును వ్యాపించినది. చెట్టుక్రింద ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు. రోగిని అడుగుట, వినుట, చూచుట, తాకుట ఇవియే సాధనములు. అడుగుటకును వినుటకును తమిళముతోపాటు తెలుగును ఈ సీమలో అవసరమే యయ్యెను.

వేలూరున నాడీమండల వైద్యము

1949లో డాక్టరు జాకబ్ చాండీ వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో నాడీమండల వైద్య శస్త్రచికిత్సా శాఖను స్థాపించెను. భారతదేశమున ఇట్టి శాఖలలో ఇదియే మొదటిది. ఆయన కెనడాలోని మాంట్రియలు నగరమున వైల్డరు పెన్‌ఫీల్డు వద్ద శిక్షణ పొందినవాడు. మఱుసటి యేట మదరాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టరు బి. రామమూర్తి ఈ పనికి పూనుకొనెను. వీరిద్దఱును, డాక్టరు బలదేవ్ సింగు, డాక్టరు ఎస్. టి. నరసింహన్ కలిసి 1951లో భారత నాడీమండల వైద్యుల సంఘమును స్థాపించిరి.

ఆ కాలమున మెదడును నేరుగా చూచుట అసాధ్యము. 1851లో హెల్మ్‌హోల్ట్‌జ్ నిర్మించిన నేత్రదర్శినితో కంటి వెనుకపొరను చూచి, అచ్చటి నరము ఉబ్బియున్నచో పుఱ్ఱెలో ఒత్తిడి పెరిగినదని ఊహింతురు. 1891లో క్విన్‌కె కనిపెట్టిన పద్ధతిచే వెన్నునుండి నీరు తీసి పరీక్షించి మెదడుపొరల వాపును నిశ్చయింతురు. మెదడు గుల్లలలోనికి గాలి నెక్కించి ఎక్స్‌రే తీయుట రోగికి మిక్కిలి బాధాకరము. ఇన్నింటికిని ముందు రోగి చెప్పిన వృత్తాంతమే ఏ పరీక్ష అవసరమో నిర్ణయించెడిది. వారములకొలది తలనొప్పి, సన్నని జ్వరము, చిక్కిపోవుట, పిదప వాంతులు, మత్తు కలిగినచో క్షయసంబంధమైన మెదడుపొరల వాపును శంకింపవలెను. 1940ల చివర స్ట్రెప్టోమైసిన్ వచ్చువఱకు ఆ రోగము తప్పక చంపునదిగా నుండెను.

క్షయగడ్డయా, క్రిమికోశమా?

1971లో లండనులో తొలి రోగికి సి. టి. యంత్రముతో మెదడు చిత్రము తీసిరి. తరువాతి దశకమున ఆ యంత్రము మన దేశమున వ్యాపించిన కొలది ఒక క్రొత్త చిక్కు వచ్చినది. మూర్ఛలు వచ్చిన రోగులలో పెక్కుమందికి మెదడున ఒంటరిగా చిన్న గడ్డ యొకటి కనబడుచుండెను. మన దేశమున క్షయ యెక్కువ గనుక అది క్షయగడ్డయే యని తలచి నెలల తరబడి క్షయమందుల నిచ్చుచుండిరి. కొందఱకు శస్త్రచికిత్సయు జరిగెడిది.

వేలూరు వైద్యులైన మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్, వారి సహచరులు అట్టి గడ్డలను తీసి పరీక్షించి, వానిలో అనేకములు క్షయగడ్డలు కావనియు, బద్దెపురుగు పిల్లదశయగు క్రిమికోశములనియు కనుగొని 1989లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఇవి పెక్కు సందర్భములలో తమంత తామే కరగిపోవును. అనవసరమైన శస్త్రచికిత్సయు క్షయమందులును తప్పినవి.

రెండింటిని వేఱుచేయుటకు వేలూరు వైద్యులు కొన్ని నియమముల నేర్పఱచి, 1997లో వాని నిజత్వమును నిరూపించిరి. గడ్డ ఒంటరిగా, ఇరువది మిల్లీమీటర్లకు మించకుండ ఉండవలెను. అంతటితో చాలదు. విడువని తలనొప్పి, వాంతులు మున్నగు ఒత్తిడి చిహ్నములు ఉండరాదు. నరముల బలహీనత దినదినము పెరుగరాదు. అవి యున్నచో క్షయగడ్డనో వేఱొక గడ్డనో శంకింపవలెను. ఇంత గొప్ప యంత్రము వచ్చిన తరువాతకూడ, “నీకు తలనొప్పి విడువక యున్నదా?” అను ప్రశ్నయే తీర్పు చెప్పుటలో సగముపాలు వహించుచున్నది.

వేలూరు జిల్లాలో గ్రామములందును పట్టణమందును ఏబదివేల జనమును విచారించి 2006లో ప్రకటించిన పరిశీలనలో, వేయిమందికి ఇంచుమించు నలుగురికి మూర్ఛరోగ మున్నట్లును, అందు సుమారు మూడవవంతు ఈ క్రిమివలననే కలిగినట్లును తేలినది. ఇచ్చట ఒక అపోహను తొలగింపవలయును. పందిమాంసము తిననివారికి ఈ రోగము రాదని మనలో చాలమంది నమ్మకము. సరిగా ఉడుకని మాంసమువలన ప్రేగులో బద్దెపురుగు పెరుగును. మెదడులో క్రిమికోశము పుట్టుట మాత్రము మనుష్యమలముతో బయటపడిన ఆ పురుగు గ్రుడ్లు నీటిలోనో ఆకుకూరలలోనో చేతులనుండియో కడుపులో చేరుటవలననే. కనుక శాకాహారియు దీనికి లోబడును. మరుగుదొడ్డి, చేతులు కడుగుకొనుట, కూరలను బాగుగా కడిగి వండుట దీనికి నిజమైన నివారణము.

నేటి విభజనము

అంతర్జాతీయ శిరోవేదనా సంఘము 1988లో తొలి వర్గీకరణమును ప్రకటించినది; మూడవ కూర్పు 2018లో వచ్చినది. ఇందు మూలవిభాగములు రెండు : తానే రోగమైన తలనొప్పి, వేఱొక రోగమునకు చిహ్నమైన తలనొప్పి.

తానే రోగమైనవానిలో ముఖ్యమైనవి మూడు. మైగ్రేను మందు పుచ్చుకొననిచో నాలుగు గంటలనుండి మూడు దినములవఱకు నుండును. తఱచు ఒకప్రక్క, పోటుగా, పని చేయనీయనంత తీవ్రముగా వచ్చి, మెట్లెక్కిన నెక్కువగును. వికారమో వాంతియో, వెలుతురును శబ్దమును ఓర్వలేకపోవుటయో తోడగును. రెండవది బిగింపు తలనొప్పి. రెండుప్రక్కల, కట్టు బిగించినట్లు, మందముగా నుండును, వాంతులుండవు. మూడవది గుంపుగా వచ్చునది. ఒక కంటిచుట్టు పదునైదు నిమిషములనుండి మూడు గంటలవఱకు భయంకరమైన నొప్పి వచ్చి, ఆ కన్ను ఎఱ్ఱబడి నీరుకాఱును. మైగ్రేను రోగి చీకటిగదిలో కదలక పరుండును. ఈ రోగి నిలువలేక తిరుగాడును. ఈ యొక్క భేదమే వైద్యునికి చాలవఱకు దారి చూపును.

బెంగుళూరు ప్రాంతమున జరిగి 2015లో ప్రకటింపబడిన పరిశీలనలో నూటికి 64 మందికి సంవత్సరమున ఒక్కసారియైన తలనొప్పి వచ్చినట్లును, 25 మందికి మైగ్రేను ఉన్నట్లును తెలిసినది. ముంబయి వైద్యుడు కె. రవిశంకర్ 2006లో ప్రకటించిన వ్యాసములో, తలస్నానమువలన మైగ్రేను వచ్చు 94 మంది భారతీయుల వృత్తాంతమును వివరించెను. తలంటు పోసుకొన్ననాడు తలనొప్పి వచ్చునని మన అవ్వలు చెప్పినది వట్టిమాట కాదన్నమాట. తడితలను వెంటనే ఆర్చుకొనుట, ఆకలితో నుండకుండుట, నిద్రవేళ తప్పకుండుట మేలు.

మృత్యుచిహ్నములు

ప్రాచీనుల శంఖకమువలె, నేడును వెంటనే ఆసుపత్రికి చేర్పవలసిన తలనొప్పులు కలవు. వానిని ప్రతి కుటుంబమును గుర్తుంచుకొనవలయును.

పిడుగు పడినట్లు ఒక్క నిమిషములో పరమావధికి చేరు తలనొప్పి మెదడుచుట్టు నెత్తురు చిమ్ముటవలన కావచ్చును. జ్వరముతో మెడ బిగిసినచో మెదడుపొరల వాపు కావచ్చును. కాలుసేయి పడుట, మాట తడబడుట, మూర్ఛ, మత్తు తోడైనను, తెల్లవాఱుజామున వాంతులతో వచ్చి దినదినము పెరిగినను, తలకు దెబ్బతగిలిన పిదప వచ్చినను ఆలసింపరాదు. ఏబదియేండ్లు దాటినవారికి క్రొత్తగా కణత నొప్పి, నమలునపుడు దవడనొప్పి వచ్చినచో రక్తనాళపు వాపు కావచ్చును. సకాలమున మందీయనిచో చూపు పోవును. కన్ను ఎఱ్ఱబడి దృష్టి మసకబాఱినచో నీటికాసులు కావచ్చును.

బాలింతరాలి తలనొప్పిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలయును. కాన్పయిన కొలది దినములలో మెదడు సిరలలో నెత్తురు గడ్డకట్టు రోగము దక్షిణదేశమున ఎక్కువగా కనబడెడిది. మదురై వైద్యుడు కె. శ్రీనివాసన్ 1983లో గర్భిణులు, బాలింతలు 135 మంది వృత్తాంతమును ప్రకటించెను. బాలింతకు నీరు త్రాగనీయకుండుట మన యిండ్లలో పథ్యము పేర చెల్లిన ఆచారము. ఒడలిలో నీరు తగ్గుట ఈ రోగమునకు దోహదకారియని వైద్యులమతము. బాలింతకు తలనొప్పి విడువకయున్నచో దిష్టి తీసి ఊరకుండక, అదేదినము ఆసుపత్రికి కొనిపోవలయును. నీరు అడిగినంత ఈయవలయును.

చికిత్స, ఉపసంహారము

సామాన్యపు తలనొప్పికి పారాసిటమాలు, ఐబుప్రోఫెను వంటివి చాలును. మైగ్రేనునకు 1920లలో ఎర్గోటమైనును, 1991నుండి సుమాట్రిప్టానును వాడుకలోనికి వచ్చినవి. గుంపు నొప్పికి ప్రాణవాయువును పీల్పించుట ఉపశమము. తఱచు వచ్చువారికి ప్రొప్రనొలాలు, అమిట్రిప్టిలిను మున్నగు నివారకములను వైద్యుడు నిర్ణయించును. నొప్పిబిళ్ళలను నెలకు పదునైదు దినములు, ట్రిప్టానులనైనచో పది దినములు, అంతకు మించి నెలల తరబడి వాడినచో ఆ మందే తలనొప్పికి కారణమగును. అంగడిలో బిళ్ళను అడిగి కొనుచుండు అలవాటు మనలో మెండు గనుక ఈ హెచ్చరిక మనకు ముఖ్యము.

కావేరిపాక్కమునుండి గుడియాత్తము వఱకు సాగిన ఈ బాటపై శొంఠిగంధము, సంహితాపాఠము, చెట్టుక్రింది మందుపెట్టె, మెదడును చూపు యంత్రము ఒకదానివెంట నొకటి వచ్చినవి. సాధనములు మాఱినవి గాని మొదటి ప్రశ్న మాఱలేదు : ఎచ్చట, ఎట్లు, ఎప్పటినుండి, దేనితో కూడి? ఈ నాలుగింటికి స్పష్టముగా ఉత్తర మీయగల రోగి సగము వైద్యము తానే చేసికొనినవాడు. ఎల్లలకు ఆవల నివసించు తెలుగువారి పిల్లలు తమిళమునో ఇంగ్లీషునో చదువుకొనుట తప్పదు, తప్పును కాదు. ఐనను ఇంటిలోని అవ్వకు పోటునకును బరువునకును గల భేదము తెలుగులోనే తెలియును. ఆమె మాటను వైద్యునికి చేర్పవలసినవాడు మనుమడే. ఆ మాటలను నేర్చి నిలుపుకొనుట భాషాభిమానము మాత్రమే కాదు. ఒకానొక రాత్రి అది ఒక ప్రాణమును నిలుపవచ్చును.